సిస్టరు గారి పెరట్లో పాక

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేనేత విషయాలకి నేనే పెద్ద తలకాయని. ఎవరు ఏ చీర కొన్నా ముందు ఫొటో నాకు పెడతారు. నేను కళ్ళజోడు సర్దుకుని, ఫోన్లో బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసి, అంచు చూసి, "మగ్గం నేతే, సందేహం లేదు" అనో, "ఎందుకో అనుమానంగా ఉందమ్మా" అనో తీర్పు చెబుతాను. ఫొటోలో నేత ఎలా తెలుస్తుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒకటే జవాబుంది: "నేను నేత ఇంట పుట్టినదాన్నండీ." బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ ఒక్కసారి కూడా నా నోట రాని ఆ మాట, రిటైరయ్యాక రోజుకి రెండుసార్లు వస్తోంది. మా ఆయన అయితే కూరగాయల బండివాడితో కూడా చెప్పేశానని అంటారు. అది నిజమే, వంకాయలు బేరం చేస్తున్నప్పుడు ఎందుకో సందర్భం వచ్చింది.

పోయిన నెల మా అసోసియేషన్ వాళ్ళు చేనేత మీద ఓ పావుగంట మాట్లాడమన్నారు. పావుగంటకి నేను పన్నెండు పేజీలు రాసుకున్నాను. మా ఆయన ఆ కాగితాలని చేత్తో బరువు చూసి, "టిఫిన్లు ముందే పెట్టించెయ్యమను" అన్నారు. మాటలతో పాటు తెర మీద ఫొటోలు కూడా వేస్తే బావుంటుందని, మేము ఈ ఊరొచ్చిన కొత్తలో అద్దెకున్న ఇంటిని ఫొటో తీద్దామని వన్ టౌన్‌కి బయల్దేరాను. ఆ ఇంటి ముందు నిలబడి, కొత్తగా ఆన్‌లైన్లో తెప్పించిన మగ్గం చీర కట్టుకుని, కాస్త దూరంగా చూస్తున్నట్టు ఒక ఫొటో. కింద రాయాల్సిన వాక్యం కూడా ఆటోలోనే ఆలోచించి పెట్టుకున్నాను. ఆ ప్రసంగం నేను ఇవ్వలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. దాని బదులు ఇది రాస్తున్నాను.

ఇల్లు అలాగే ఉంది, చుట్టూ ఉన్నవే మూడంతస్తుల గోడౌన్లయ్యాయి. తలుపు కొడితే మా ఇంటిగలావిడే ఎదురుగా చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు. పేరు సుగుణమ్మ గారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేవారు కాబట్టి వీధి మొత్తం సిస్టరు గారనే పిలిచేది. ఇప్పుడు తొంభై దాటాయి. చెవులు సగం, కళ్ళు సగం, జ్ఞాపకం మాత్రం పూర్తిగా ఉంది. "వీరభద్రరావు గారి తులసివి కదూ? ఇంత లావయ్యావేమే!" అని మొదలుపెట్టి, మేనకోడలి చేత టీ పెట్టించి, బిస్కెట్లు నా ముందుకి తోసి, అమ్మ పోయిన సంగతి విని కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నాన్న నా దగ్గరే ఉన్నాడని చెబితే మొహం విప్పారింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగారు. "అమ్మాయ్, ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను, ఒక్క మాట చెప్పు. పెరట్లో పాక ఇస్తానంటే మీ నాన్నగారు ఎందుకు వద్దన్నారే? నా మీద అంత కోపమొచ్చిందా?"

నా చేతిలో బిస్కెట్టు విరిగి టీలో పడింది. దాన్ని చెంచాతో వెతుకుతూ కొంచెం టైం సంపాదించాను. ఆ ప్రశ్నకి జవాబు ఈ ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. ఆ పాక సంగతి నాన్నకి తెలియనే తెలియదు, ఎందుకంటే చెప్పమని నాకు చెబితే నేను చెప్పలేదు. సంగతి ఇంతే. కానీ ఇంత చిన్న సంగతి వెనకాల నా పదహారేళ్ళ బుర్ర ఎంత కష్టపడిందో చెప్పాలంటే ముందు మా ఊరి నుంచి మొదలుపెట్టాలి.

మాది బందరు పక్కన పెడన. మా వీధిలో పొద్దున్నే కోడి కన్నా ముందు మగ్గాలు కూసేవి. మా ఇంట్లో ముందు గదంతా మగ్గమే, మనుషులు మిగిలిన చోట్లో సర్దుకునేవాళ్ళం. నేలలో తొడల లోతున ఒక గుంట, దాని అంచున నాన్న కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేసేవాడు. గుంట మగ్గం అంటే అదే. కొత్తవాళ్ళు ఎవరైనా గుమ్మంలోంచి చూస్తే మనిషికి నడుము కింద ఏమీ లేనట్టు కనిపించేవాడు. ఇల్లంతా పుల్లటి గంజి వాసన, తడి నూలు వాసన. అమ్మ వంట చేస్తూ మధ్యమధ్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, అంటే పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న చిన్న గొట్టాలకి నూలు చుట్టడం అన్నమాట. నాకూ ఆ పని వచ్చు. ఎక్కాలూ కండెలూ కలిపే నేర్చుకున్నాను, అందుకే ఇప్పటికీ పన్నెండో ఎక్కం దగ్గర కుడి చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది.

ఆ గుంట ఎందుకంటే కాళ్ళు పెట్టుకోడానికి ఒక్కటే కాదు. నేలలో చెమ్మ పైకి వచ్చి మగ్గానికి నిలువునా కట్టిన పడుగు నూలుని మెత్తగా ఉంచుతుంది. నేల ఎండిందంటే నూలు పెళుసెక్కి పుటుక్కుమని తెగుతుంది, తెగిన ప్రతి పోగునీ వెతికి ముడెయ్యాలి. అందుకని మావాళ్ళు ఇల్లు కొనేముందూ, కట్టేముందూ, ఆఖరికి పిల్లనిచ్చేముందు కూడా, "ఆ ఇంట్లో నేల చెమ్మగా ఉంటుందా?" అని అడిగేవాళ్ళు. పెళ్ళికొడుకు ఎలా ఉంటాడన్నది తర్వాతి ప్రశ్న. నాన్న ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పి, అరికాలు నేలకి ఆనించి, ఒక్క క్షణం ఆగేవాడు. అది మర్యాద అనుకునేవాళ్ళు అందరూ. ఆయన నేల పరీక్ష చేస్తున్నాడని మాకు మాత్రమే తెలుసు.

నాకు బెజవాడలో ఇంటర్ సీటొచ్చింది. మా వీధిలో కాలేజీ గుమ్మం ఎక్కబోయే మొదటి ఆడపిల్లని నేనే, ఆ విషయం నేను ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. హాస్టల్ అనేసరికి నాన్న ఒప్పుకోలేదు. "పిల్ల ఒక్కతే ఎందుకు, మనమే పోదాం. మగ్గం ఎక్కడ వేసినా నేస్తుంది" అన్నాడు. ఇల్లు చూసే పని మా సుబ్బారావు మావయ్యకి అప్పజెప్పారు, ఆయన వన్ టౌన్లో బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. నాన్న ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. నీళ్ళు ఎలా ఉన్నాయి, గుమ్మం ఎటు, పొరుగువాళ్ళు ఎలాంటివాళ్ళు, మగ్గం పట్టే గది ఉందా. అన్నిటికీ మావయ్య జవాబు రాశాడు. "ఇల్లు దివ్యంగా ఉంది బావా. ముందుగది పెద్దది. గాలీ వెలుతురూ పుష్కలం. పొద్దున లేస్తే కొండ కనబడుతుంది." కొండ ఎందుకు కనబడుతోందో మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఇల్లు అంటే నేల మీదే ఉంటుందని మా నమ్మకం. మా వీధిలో మేడ అన్నదే లేదు మరి.

లారీలో మగ్గం కర్రలూ, బియ్యం బస్తాలూ, రాట్నం, వాటి మీద నేను, అలా దిగాం. మావయ్య మెట్లు చూపించాడు. నాన్న ఆ మెట్ల వంక చూశాడు, మెట్ల పైన ఉన్న ఇంటి వంక చూశాడు, మళ్ళీ కిందకి చూశాడు. "మరి గుంట ఎక్కడ తవ్వాలిరా సుబ్బారావూ?" అన్నాడు. కొట్లో అమ్మే చీరలు మగ్గం మీద నేస్తారని మావయ్యకి తెలుసు గాని, ఆ మగ్గం భూమిలో దిగి ఉంటుందన్న సంగతి టౌను నీళ్ళు తాగి మర్చిపోయాడు. ఈలోపు తెల్ల చీరలో, జడ చుట్ట చుట్టుకుని, సిస్టరు గారు బయటికొచ్చారు.

"ఏం గుంటండీ?" అన్నారు.

"మగ్గం గుంటండి. పెద్దదేం కాదండి, తొడల దాకా ఉంటే చాలండి" అన్నాడు నాన్న ఎంతో వినయంగా.

"పైనా?"

"ఆ, ముందు గదిలోనండి."

"ఆ గది కింద నా పడకగది ఉందండీ. మీ కాళ్ళు నా మంచం మీదకొస్తాయి" అన్నారావిడ.

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది. నాన్న కూడా నవ్వాడు, కానీ మొహం పాలిపోయింది. నేను మాత్రం అప్పటికే రెండేసి మెట్లు ఎక్కి బాల్కనీలో నిలబడ్డాను. నాకు కొండ కనబడింది. కింద బట్టల బేళ్ళు లాక్కుపోయే తోపుడు బళ్ళు, రిక్షాలు, తలల మీద మూటలతో హమాలీలు, గుడి గంట ఒకవైపు, సైకిలు బెల్లులు ఒకవైపు. అందరి నడినెత్తులూ నాకు కనబడుతున్నాయి. జీవితంలో మొదటిసారి నేను ఎవరికన్నా పైన నిలబడ్డాను. ఇల్లు మార్చేద్దామని నాన్న అంటాడేమోనని భయపడి, "అబ్బ, ఎంత బాగుందో నాన్నా!" అని గట్టిగా అరిచాను. ఆయన తలెత్తి నన్ను చూసి, లారీవాడితో కర్రలు దించమన్నాడు.

ఆర్నెల్లలో నేను బెజవాడ మనిషినైపోయాను, నా లెక్కలో. నైలాన్ ఓణీ కావాలని ఏడ్చి సాధించాను. నేసేవాడి కూతురు నైలాన్ కోసం ఏడవడం నాన్నకి ఎలా ఉంటుందో అప్పుడు తట్టలేదు, ఆ ఓణీ ఒంటికి అంటుకుని చెమటతో దద్దుర్లొచ్చినా విప్పలేదు. ఒక వారం రోజులు నాన్నని డాడీ అని పిలిచాను. మొదటిసారి పిలిచినప్పుడు ఆయన వెనక్కి తిరిగి, నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "ఎవర్నే పిలుస్తున్నావ్?" అన్నాడు. కాలేజీలో నా పక్కన కూర్చునే పద్మజ, వాళ్ళ నాన్న ప్లీడరు, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అనడిగితే, "క్లాత్ బిజినెస్" అన్నాను. ఆ రెండు ముక్కలూ అద్దం ముందు ముందే అనుకుని చూసుకున్నవి. అబద్ధం కాదులే, బట్టే కదా అని సర్దిచెప్పుకున్నాను.

నాన్నకి మాత్రం ఈ ఊరు అచ్చిరాలేదు. గుంట లేకపోయినా చెక్క చట్రం మీద నిలబెట్టే మగ్గం ఒకటుంటుంది, దానికి నేల తవ్వక్కర్లేదు. అది ఎక్కడో అడిగి తెచ్చి ముందు గదిలో బిగించాడు. బల్ల మీద కూర్చుని నేయడం ఆయనకి కొత్త, కుర్చీలో కూర్చుని అన్నం తిన్నట్టుందనేవాడు. అయినా అలవాటు చేసుకున్నాడు. ఈలోపు బెజవాడ ఎండాకాలం వచ్చింది. పైన స్లాబు, కింద స్లాబు, మధ్యలో మేము. జానెడు నేసేలోపు పది పోగులు తెగేవి. నాన్న వంగి ముడెయ్యడం, లేవడం, మళ్ళీ పుటుక్కు. ఆ చప్పుడు వంటింట్లోకి వినపడేది కాదు గాని, ఆయన "ప్చ్" అనడం వినపడేది. అమ్మ ఒక్కో "ప్చ్"కీ తలెత్తి, మళ్ళీ పప్పు మెదుపుకునేది. పైగా సిస్టరు గారికి నైట్ డ్యూటీలు. పొద్దున్న వచ్చి ఆవిడ పడుకోవడం, సరిగ్గా ఆవిడ తల మీద మగ్గం దడదడలాడడం. ఆవిడ పాపం చాలా ఓర్చుకున్నారు.

ఆ ఎండల్లో నాన్నకి ఒక ఉపాయం తట్టింది. మా ఊరి నేలని ఇక్కడికి తెచ్చుకోలేం గాని చెమ్మని తెచ్చుకోవచ్చు కదా అని. గోనె సంచులు తడిపి మగ్గం కింద పరిచాడు. నూలు దారికొచ్చింది. దాంతో ఉత్సాహం పెరిగి ఇంకో నాలుగు సంచులు పరిచి, బిందెతో నీళ్ళు చల్లి, ఒక పూటంతా ఒక్క పోగు తెగకుండా నేశాడు. చాన్నాళ్ళకి ఆయన కూనిరాగం విన్నాం. మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడైంది. సిస్టరు గారు, తడిసిన దిండు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "వీరభద్రరావు గారూ, మీ గదిలో ఏమైనా వర్షం పడుతోందాండీ?" అన్నారు. కేకలేం వెయ్యలేదు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో, నిజంగానే సందేహం తీర్చుకుంటున్నట్టు అడిగారు. నాన్న లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆయన అలా నిలబడ్డం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రమే మగ్గం విప్పేశాడు. చట్రం ఇచ్చినవాళ్ళకి ఇచ్చేసి, మా పాత మగ్గం కర్రలు మాత్రం గుడ్డలో చుట్టి మెట్ల కింద పెట్టాడు. సోమవారం నుంచి మావయ్య పనిచేసే కొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టాడు, చీరలు మడతపెట్టే పనికి.

నాన్న ఆ కర్రలు మోసుకెళ్ళడం సిస్టరు గారు కిటికీలోంచి చూశారట. మూడో రోజు నేను కాలేజీ నుంచి వస్తుంటే కుళాయి దగ్గర ఆపారు. డ్యూటీకి తయారై ఉన్నారు, చేతిలో సంచి. "అమ్మాయ్, నాకు మనసేం బాలేదే. ఈ పెరట్లో రేకుల పాక ఖాళీగా పడుంది కదా, కింద మట్టి నేలే. గుంట తవ్వుకుని మగ్గం వేసుకోమని మీ నాన్నగారితో చెప్పు. అద్దే గిద్దే ఏమొద్దు. నా నిద్రకీ అడ్డం లేదు, ఆయన పనికీ అడ్డం ఉండదు. మర్చిపోకుండా చెప్తావా?" అన్నారు. "చెప్తానండీ" అన్నాను. నిజంగా చెబుదామనే మెట్లెక్కాను. నాలుగో మెట్టు మీద తిరిగి చూశాను. ఆ పాక సరిగ్గా మా మెట్ల పక్కనే. మా ఇంటికి ఎవరొచ్చినా దాని ముందు నుంచే రావాలి. దానికి తలుపు లేదు. ఆదివారం పద్మజ వస్తానంది. మట్టి గుంటలో, చిరుగుల బనీనుతో, లుంగీ పైకి కట్టుకుని, నడుము దాకా భూమిలో ఉన్న మా క్లాత్ బిజినెస్ నాకు కళ్ళకి కట్టింది.

ఆదివారం అయ్యాక చెబుదామనుకున్నాను. పద్మజ ఆదివారం రానే లేదు, వాళ్ళింటికి చుట్టాలొచ్చారట. వచ్చే ఆదివారం అంది. నాన్న కొట్టు నుంచి రాగానే కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఎదురుగా ఉండేదాన్ని, నోట్సు తిరగేస్తూ. "నాన్నా" అని మొదలుపెట్టి, "పెన్ను కావాలి" అని ముగించేదాన్ని. ఆ నెల్లో ఎన్ని పెన్నులు కొన్నాడో పాపం. అమ్మకి కండెలు లేక చేతులు ఊరుకునేవి కాదు, సిస్టరు గారి ఉన్ని తెచ్చి ఉండలు చుడుతూ కూర్చునేది. ఆవిడా అమ్మా అన్నీ మాట్లాడుకునేవారు, ఈ ఒక్క మాట తప్ప. మగవాడి పని సంగతి ఆయనతోనే తేలాలని సిస్టరు గారి మర్యాద. ఒకరోజు ఆవిడే నన్ను అడిగారు, "ఏమన్నారే మీ నాన్నగారు?" అని. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. "వద్దన్నారండీ. ఇంక నెయ్యనన్నారండీ." ఆవిడ మొహం చిన్నబోయింది. "అలాగా. సరే, మళ్ళీ అడగనులే, బాధపడతారు" అన్నారు. మాట మీద నిలబడే మనిషి, ఆ తర్వాత ఒక్కసారీ అడగలేదు. నాన్న మాత్రం, ఆవిడ ఎదురైతే దిండు గుర్తొచ్చి తల దించుకునేవాడు. ఆయనకి కోపమనుకుని ఆవిడ పక్కకి తప్పుకునేవారు. నా డిగ్రీ అయ్యేదాకా ఒకే గుమ్మంలోంచి ఆ ఇద్దరూ అలాగే తిరిగారు, నా ధర్మమా అని.

కొట్లో నాన్న ఎక్కువ రోజులు ముందు వరసలో కూర్చోలేదు. ఎవరో మారుబేరగాడు చీర పట్టుకుని "మగ్గందేనా?" అంటే, యజమాని "నూటికి నూరుపాళ్ళు" అంటుండగా, ఈయన అంచు వేళ్ళ మధ్య నలిపి, "కాదండి, పవర్‌లూమ్‌దండి" అనేశాడు. అదీ గొప్పగా కాదు, సాయం చేస్తున్నట్టు. మూడోసారి కూడా అలాగే అనేసరికి ఆయన్ని వెనకాల గోడౌన్‌లోకి మార్చారు. అక్కడ గుట్టల మధ్య కూర్చుని ఎవరో నేసినవి మడతపెడుతూ ఆయన వయసంతా గడిచింది. ఇంటికొచ్చి, "ఇవాళ ఒక చీర వచ్చిందమ్మా, ఏం చెయ్యి అది!" అని ఎవరో తెలియని నేతగాడి గురించి భోజనం అయ్యేదాకా చెప్పేవాడు. నేను ఎకనామిక్స్ చదువుకుంటూ "ఊఁ" కొట్టేదాన్ని. గ్రామీణ పరిశ్రమల మీద నాకు మంచి మార్కులొచ్చాయి కూడా. పద్మజ మా ఇంటికి వచ్చింది మొత్తం మీద ఒక్కసారి. మెట్ల కింద గుడ్డలో చుట్టిన కర్రలు చూసి, "ఇవేంటే?" అంది. "పందిరి రాటలు" అన్నాను.

సిస్టరు గారి చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. బిస్కెట్టు దొరికింది, తినేశాను, ఇంక సాకు లేదు. "నేను చెప్పలేదండీ" అన్నాను. ఆవిడకి వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సొచ్చింది, వంటింట్లోంచి మేనకోడలు కూడా తొంగిచూసింది. "మీరు పాక ఇస్తానన్నారని నాన్నకి నేను చెప్పలేదండీ. ఆయన వద్దనలేదు. ఆయనకి తెలియదు." సిస్టరు గారు నా చెయ్యి వదిలేశారు. "ఎందుకే?" అన్నారు. "సిగ్గేసిందండీ" అన్నాను. "ఎవర్ని చూసి సిగ్గు?" అన్నారు. నేను కట్టుకున్న మగ్గం చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. "అయ్యో, పిచ్చిమొద్దూ. నా దిండు తడిసినందుకు ఆ పెద్దమనిషి పొట్ట కొట్టానేమోనని ఎన్నిసార్లు మోకాళ్ళ మీద ఏడ్చుకున్నానో తెలుసా?" అన్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నాతో చెప్పి ఏం లాభం. బతికున్నాడన్నావుగా, వెళ్ళి ఆయనకి చెప్పుకో" అని కుర్చీ అటు తిప్పుకున్నారు. పాక ఇంకా ఉందా అని అడిగితే చేత్తో పెరటివైపు చూపించారు. వెళ్ళాను. రేకులు తుప్పుపట్టాయి, లోపల విరిగిన కుర్చీలున్నాయి. చెప్పులు విప్పి అరికాలు ఆనించాను. బయట మే నెల ఎండ. పాదానికి చల్లగా, తడిగా తగిలింది. ఫొటో తియ్యలేదు.

నాన్న ఇప్పుడు నాతో పాటు ఏడో అంతస్తులో ఉంటున్నాడు. పద్దెనిమిది మెట్ల మేడ ఎక్కించి మగ్గం దింపించిన కూతురు, ముసలితనంలో లిఫ్టు ఎక్కించింది. ఎనభై ఆరేళ్ళు. మాటలు తగ్గాయి, వేళ్ళు తగ్గలేదు. పక్కన ఎవరు కూర్చున్నా చెంగు అంచు పట్టుకుని చూడందే ఉండడు. ఆ సాయంత్రం నేను బాల్కనీలో ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చోగానే నా కొత్త చీర అంచు వేళ్ళ మధ్యకి తీసుకున్నాడు. గ్రూపులో నేను స్వయంగా సర్టిఫికెట్ ఇచ్చి, పదిమంది చేత కొనిపించిన చీర అది. రెండుసార్లు నలిపి వదిలేశాడు. "పవర్‌లూమే తల్లీ. ఎవరో నిన్ను మోసం చేశారు" అన్నాడు, పాపం, నాకు బాధ కలగకుండా చిన్నగా.

దాంతో నా వల్ల కాలేదు. మోసం సంగతి నేను చెబుతాను విను నాన్నా, అని మొత్తం చెప్పేశాను. సిస్టరు గారు కుళాయి దగ్గర ఆపడం, పాక, తవ్వుకోమనడం, పద్మజ, నేను ఆవిడతో వద్దన్నావని చెప్పడం. తిట్టమని కూడా అన్నాను. ఏడుపు మధ్యలో మాటలు సరిగ్గా వచ్చాయో లేదో, ఆయన చెవికి చేరాయో లేదో తెలియదు. కింద రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆయన అటే చూస్తున్నాడు. క్షమించాననో, పోనీలే చిన్నదానివి అనో అంటాడని నాలో ఒక మూల ఆశ ఉంది, అబద్ధమెందుకు. ఆ మాట అంటే నేను ఎలా ఏడవాలో కూడా కొంత సిద్ధంగానే ఉన్నాను.

"కుళాయి పక్కన పాకేనా?" అన్నాడు.

"అదే నాన్నా."

"నేల ఎలా ఉండేది?"

నాకు అర్థమైంది ఏం అడుగుతున్నాడో. లేదు నాన్నా, ఎండిపోయి బీటలు వారి ఉండేది, అన్నానంటే సరిపోతుంది. అక్కడ గుంట తవ్వినా లాభం లేకపోయేదని ఆయన సర్దుకుంటాడు, నేనూ సర్దుకుంటాను. ఆ పాక మొహం ఆయన మళ్ళీ చూడబోయేది లేదు. అబద్ధమాడడంలో నాకు మంచి అనుభవం ఉంది, ఈసారి మంచికే కదా. నోరు తెరిచాను. పొద్దున తగిలిన చల్లదనం ఇంకా పాదంలోనే ఉంది.

"చెమ్మగా ఉండేది నాన్నా. నడి ఎండల్లో కూడా."

ఆయన తల ఊపాడు. ఖాళీ బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి మెల్లగా రాసుకున్నాడు.

"అయితే నూలు తెగేది కాదు" అన్నాడు.